జగ్గమ్మ మొహం

రేఖ విజయనగరంలో డిగ్రీ మూడో ఏడు చదువుతోంది. వాళ్ళది శ్రీకూర్మం దగ్గర పల్లె. నాన్న సోములు వరి పండిస్తాడు, అమ్మ తవిటమ్మ ఆయనతో సమానంగా పొలంలోకి దిగుతుంది. ఆ ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి రేఖే. చిత్రకళ చదువుతానంటే ఇద్దరూ కాదనలేదు. కాకపోతే దానికి తోడు ఇంకో సబ్జెక్టు తీసుకోవాలన్నారు కాలేజీలో. అప్పటికి ఖాళీ ఉన్నది మానవశాస్త్రం ఒక్కటే. మనుషుల గురించిన శాస్త్రమట నాన్నా అని ఫోన్లో చెబితే, మంచిదే కదమ్మా, మనుషులు ఎక్కడైనా ఉంటారు, పనికిరాకుండా పోదు అన్నాడు సోములు.

రెండు డిపార్ట్‌మెంట్లూ ఒకే వరండాలో ఎదురెదురుగా ఉండేవి. పొద్దున్న త్యాగరాజు మాస్టారి బొమ్మల గదిలో రేఖ చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు జరుపుతూ ఎదుట కూర్చున్నవాళ్ళ ముక్కు పొడవు అంచనా కట్టేది. మధ్యాహ్నం జగదీశ్వరి మేడం ల్యాబ్‌లో అదే ముక్కుని కాలిపర్ అనే రెండు కాళ్ళ ఇనప పరికరంతో కొలిచి మిల్లీమీటర్లలో రాసేది. మొదట్లో ఇదేం చదువురా దేవుడా అనుకుంది. రాను రాను ఒకే ఇంటికి రెండు దారుల్లో వెళ్తున్నట్టు అనిపించింది. బొమ్మల గదిలో చూడడం నేర్పారు. ఎదుటి గదిలో అడగడం నేర్పారు. ఈ రెండోది తనకి ఇంకా రాలేదని ఆమెకి తెలిసొచ్చింది మాత్రం అసిరమ్మ అనే ఒక ముసలావిడ వల్ల.

మూడో ఏట ప్రతి విద్యార్థీ ఒక ఊరు ఎంచుకుని, అక్కడి కుటుంబాల వంశవృక్షాలు రాసుకురావాలి. చిత్రకళలో మనుషుల బొమ్మలు పది గీసి ఇవ్వాలి. రెండు పనులూ ఒకే ఊళ్ళో కలిపి చేస్తానని రేఖ అడిగితే ఇద్దరు టీచర్లూ సరేనన్నారు. శృంగవరపుకోట దాటాక కొండల వైపు లోపలికి వెళ్తే రేగువలస అని యాభై గడపల ఊరు. ఆ ఊరు ఎంచుకుంది. వారానికి మూడు రోజులు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, చీకటిపడక ముందే హాస్టల్‌కి వచ్చేసేది.

అసిరమ్మకి డెబ్భై నాలుగేళ్ళు. చిక్కుడు, వంగ, బచ్చలి తనే పండించి, తనే గంపకెత్తుకుని శృంగవరపుకోట సంతకి తీసుకెళ్ళేది. కోడలు చిన్నతల్లి వద్దన్నా వినేది కాదు. మనిషి పొట్టి, మాట కటువు, చెయ్యి పెద్దది. ఆవిడ ఇంటికి రేఖ మొదటిసారి వెళ్ళినప్పుడు, ఏటి రాస్తావో రాసుకో గానీ ముందు బువ్వ తిను అని కంచం ముందు పెట్టింది. రేఖ మాట కూడా ఆ పక్క మాటే కాబట్టి రెండో రోజుకే మామ్మా అని పిలవడం అలవాటైపోయింది.

ఒకరోజు అసిరమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఏరుతుంటే రేఖ ఎదురుగా కూర్చుని ఆవిడ బొమ్మ గీస్తోంది. సగం అయ్యాక అసిరమ్మ ఆ కాయితం తీసుకుని చూసింది. 

"నన్ను గీస్తే ఏటొస్తాదే, నానెలగున్నానో ఊరందరికీ తెలుసు. గీస్తే మా యమ్మని గియ్యి" అంది.

ఫొటో ఉందా మామ్మా అని రేఖ అడిగింది. ఫొటో లేదు. అసిరమ్మకి నాలుగేళ్ళప్పుడు తల్లి జగ్గమ్మ జ్వరమొచ్చి పోయింది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిన్ని మంచిదే, కడుపునిండా పెట్టింది, ఒక్క దెబ్బ కొట్టలేదు. కానీ తల్లి మొహం మాత్రం తనకి ఇసుమంతైనా గుర్తు లేదంది అసిరమ్మ. ఎంత తలుచుకున్నా పిన్ని మొహమే వస్తుందట. పెళ్ళిళ్ళలో పెద్దల పేర్లు చెప్పి దండం పెట్టాల్సి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంటే ఎదర ఎవరూ ఉండరట. ఈ మాటలు ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు. చిక్కుడు ఈనెలు తీస్తూ, వానలు సరిగ్గా పడలేదని చెప్పినట్టే చెప్పింది. 

ఆ రాత్రీ మర్నాడూ రేఖకి వేరే ధ్యాస లేదు. అసిరమ్మ మొహంలోంచి ముడతలు తీసేసింది. చెంపలు నింపింది. కళ్ళు కొంచెం పెద్దవి చేసింది, ముక్కు సన్నం చేసింది, ముక్కుకి బేసరి పెట్టింది, నుదుట నిండుగా బొట్టు దిద్దింది. ఇరవై అయిదేళ్ళ పడుచు, చల్లటి చూపు. బొమ్మ చేతికింద అలా అలా వచ్చేసింది. మూడేళ్ళలో ఇంత సుళువుగా తను ఏదీ గీయలేదు.

బొమ్మ చూసి అసిరమ్మ రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. చిన్నతల్లిని కేకేసింది. పక్కింటివాళ్ళు వచ్చారు, అసిరమ్మ పోలికే పోలిక అన్నారు. శృంగవరపుకోటలో అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన మేకు కొట్టి తగిలించారు. అసిరమ్మ రోజూ పొద్దున్న స్నానం చేసి దానికి పువ్వు పెట్టి దండం పెట్టుకుని గానీ సంతకి కదిలేది కాదు. ఆ వారం రేఖకి కాళ్ళు నేలమీద ఆనలేదు. చదువంటే ఇదీ అనుకుంది.

బొమ్మ ఫోన్లో ఫొటో తీసుకుని త్యాగరాజు మాస్టారికి చూపించింది. ఆయనది తరతరాలుగా గుడిలో నాదస్వరం వాయించే కుటుంబం. మాట చాలా తక్కువ. ఫోన్ దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు.

"గీత బాగుంది. చెయ్యి తిరిగింది" అన్నాడు. తర్వాత, "ఈమెని చూసినవాళ్ళు ఎవరు?" అని అడిగాడు.

 ఈ మొహం నేను క్యాలెండర్ల మీద చూశానమ్మా అని మెల్లిగా చెప్పి ఆయన ఫోన్ తిరిగిచ్చేశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనుకుంది రేఖ.

అదే మధ్యాహ్నం ఎదుటి గదిలో జగదీశ్వరి మేడం బల్ల మీద రేఖ అసిరమ్మ కుటుంబ వంశవృక్షం పరిచింది. మగవాళ్ళకి త్రికోణాలు, ఆడవాళ్ళకి సున్నాలు. తండ్రి వైపు అయిదు తరాల దాకా కొమ్మలే కొమ్మలు. తల్లి వైపు ఒక్క సున్నా, దాని కింద జగ్గమ్మ అన్న పేరు, పోయిన మనిషి కాబట్టి మీద ఒక గీత. అంతే. ఆ పక్కంతా తెల్ల కాయితం. జగ్గమ్మ ఆకాశంలోంచి ఊడిపడిందా అని మేడం అడిగింది. రేఖ బొమ్మ సంగతి, మాస్టారి మాట సంగతి అన్నీ చెప్పేసింది. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"గీసేముందు అడగాల్సింది గీసిన తర్వాత అడగబోతున్నావు. ఆలస్యమేమీ కాలేదు. పుట్టిల్లు ఏదో కనుక్కో."

అసిరమ్మకి తల్లి పుట్టిన ఊరి పేరు తెలుసు. గజపతినగరం అవతల పాలవలస. డెబ్భై ఏళ్ళుగా ఆ వైపు వెళ్ళలేదు. జగ్గమ్మ పోయినప్పుడు వానలకి దారిలో గెడ్డ, అంటే వాగు, పొంగి పుట్టింటికి కబురు ఆలస్యంగా చేరింది. వాళ్ళు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆఖరి చూపు దక్కనివ్వలేదని వాళ్ళూ, గెడ్డ పొంగితే మేమేం చేస్తామని వీళ్ళూ మాటా మాటా అనుకున్నారు. అంతటితో రాకపోకలు తెగిపోయాయి. తండ్రి బతికున్నన్నాళ్ళూ ఆ ఊరి పేరెత్తనివ్వలేదు. ఆయన పోయాక వెళ్ళొచ్చు, కానీ ఇన్నేళ్ళ తర్వాత వెళ్ళి ఏ మొహం పెట్టుకుని ఎవరినని పలకరించనని అసిరమ్మ ఊరుకుంది.

రేఖ పాలవలస వెళ్ళింది. అసిరమ్మకి ముందుగా చెప్పలేదు, ఎవరూ మిగిలి ఉండకపోతే ఆశ పెట్టినట్టవుతుందని. ఊరి మొదట్లోనే జగ్గమ్మ పుట్టిల్లు ఏదని అడిగితే ఒక ఇల్లు చూపించారు. వాకిట్లో గోగునార గుట్టగా పోసుకుని ఒక ముసలాయన తాడు పేనుతున్నాడు. పేరు లక్ష్ముడు. జగ్గమ్మకి స్వయానా తమ్ముడు. ఎనభై ఏడేళ్ళు ఉంటాయి, కళ్ళకి ఆపరేషన్ అయింది, మనిషి నిటారుగానే ఉన్నాడు. రేగువలస నించి వచ్చానని చెప్పగానే చేతిలో తాడు ఆపకుండానే మొహం తిప్పుకున్నాడు. ఆ ఊరి సంగతులు మాకొద్దమ్మా అన్నాడు. రేఖ అక్కడే నిలబడిపోయింది. ఆయన కోడలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాక, ఏం చేయాలో తోచక, ఫోన్ తీసి బొమ్మ ఆయన ముందు పెట్టింది.

"ఎవులిది?" అన్నాడు లక్ష్ముడు.

జగ్గమ్మ గారు తాతా, మీ అప్ప అంది.

ఆయన తాడు వదిలేశాడు. ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"కాదు. ఈ మనిషెవులో నానెరగను. మా అప్పకి పదేళ్ళప్పుడు అమ్మోరు పోసినాది. బతకదనుకున్నారు, బతికినాది. మొహమంతా గుంటలు. ఎడం కంట్లో పువ్వు. తరవాత నాను పుట్టినాను. నన్ను ఎత్తుకు తిరిగినాది ఆ మొహంతోటే. మొహమంటే అలగే ఉంటాదని అనుకునేవోడిని సిన్నప్పుడు."

మశూచి వల్ల ఒక కన్ను పోయిన మనిషికి రేఖ రెండు పెద్ద కళ్ళు పెట్టింది. గుంటలు పడిన చెంపల్ని నున్నగా దిద్దింది. ఆ బొమ్మకి రోజూ పొద్దున్న ఒకావిడ పువ్వు పెడుతోంది.  రేఖ అక్కడే నేలమీద కూర్చుంది. లక్ష్ముడు ఆమె మొహం చూసి ఏమనుకున్నాడో, మేనకోడలు బతికే ఉందా అని మొదటిసారి అడిగాడు. ఉంది తాతా, చిక్కుడుకాయలు అమ్ముతుంది, మాట కటువు అంది రేఖ. మా అప్ప మాటా అంతే అన్నాడు లక్ష్ముడు.

ఆ రోజు మొదలు మూడుసార్లు వెళ్ళింది పాలవలసకి. మొదట ఆవిడ ఎలా ఉండేదని అడిగితే ఆయన బాగుండేదనేవాడు, అంతకుమించి మాట దొరికేది కాదు. అప్పుడు మేడం క్లాసులో చెప్పింది గుర్తొచ్చింది: మనిషిని వర్ణించమంటే ఎవరూ చెప్పలేరు, ఎదర ఉన్న మనిషితో పోల్చమంటే చెబుతారు. రేఖ ఇంట్లోవాళ్ళందర్నీ వాకిట్లో కూర్చోబెట్టింది. ఎవరి నుదురు జగ్గమ్మ నుదురులా ఉంటుందని అడిగింది. లక్ష్ముడు లేచి ఒక్కొక్కరి ముందూ నిలబడి, గెడ్డం పట్టి మొహం వెలుతురు వైపు తిప్పి చూశాడు. నుదురు పెద్దకొడుకుది. దవడ ఇంటర్ చదువుతున్న మనవరాలిది, ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. చెవులు తనవే. రేఖ సంచిలోంచి కాలిపర్ తీసి ఆయన కళ్ళ మధ్య దూరం, దవడ వెడల్పు కొలిచి రాసుకుంటే, పశువుల డాక్టరు కూడా ఇలగ కొలవడు అని నవ్వాడు.

మొహం ఒక రూపానికి వచ్చాక కూడా బొమ్మలో ఏదో రాలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు రేఖ ప్రశ్న మార్చింది. ఆవిడ మిమ్మల్ని పిలిచినప్పుడు ఎలా చూసేది తాతా అంది. లక్ష్ముడు వెంటనే తల ఎడమకి తిప్పి, గెడ్డం కాస్త పైకెత్తి, కుడికన్నుతో రేఖని చూశాడు. ఎడం కన్ను కనపడదు కాబట్టి జగ్గమ్మ ఎవరినైనా అలాగే చూసేదట. ఆ ఒక్క క్షణం ముసలాయన మొహంలో ఇంకో మనిషి కనిపించింది. రేఖ బొగ్గుకడ్డీ తీసి గీసేసింది. పూర్తయ్యాక లక్ష్ముడు తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. అయితే ఇంకో మాట కూడా అన్నాడు. ఇది చూస్తే ఆ పిల్ల ఏడుస్తుందమ్మా, అందంగా గీసినదాన్నే ఉండనివ్వు, పోయిన మనిషి అడగదు కదా అన్నాడు. ఆయనకి డెబ్భై నాలుగేళ్ళ అసిరమ్మ ఇంకా పిల్లే.

ఆ మాట రేఖని రెండు రోజులు తినేసింది. అదీ నిజమే కదా అనిపించేది. మేడంని అడిగింది. మేడం తేల్చి చెప్పలేదు. ఏ బొమ్మ ఉంచుకోవాలన్నది ఆమె ఇష్టం, కానీ ఆమెకి తెలియకుండా ఆమె బదులు నువ్వు ఎంచకూడదు అంది.

రేఖ రేగువలస వెళ్ళింది. దారిపొడుగునా ఎలా చెప్పాలో అనుకున్న మాటలన్నీ అసిరమ్మని చూడగానే పోయాయి.

"మామ్మా, గోడ మీదున్నది మీ యమ్మ కాదు. నాను ఎవుల్నీ అడక్కుండా నా ఊహకొచ్చినట్టు గీసేసినాను. తప్పు నాదే" అని చెప్పేసింది.

పాలవలస, లక్ష్ముడు, అమ్మవారు పోయడం అన్నీ చెప్పింది. అసిరమ్మ బచ్చలి కట్టలు కడుతోంది. ఆ చేతులు ఆగలేదు. అంతా విన్నాక పటం వైపు చూసింది. ఆ పొద్దున్న పెట్టిన మందారం ఇంకా వాడలేదు.

"అయితే ఇన్నాళ్ళూ నాను ఎవులికే దండం పెట్టినాను?" అంది.

 రేఖ, చుట్టి తెచ్చిన కొత్త బొమ్మ ఆవిడ పక్కన పెట్టింది. అసిరమ్మ దాన్ని ముట్టుకోలేదు. అక్కడెట్టి ఎల్లు అంది. ఆ ఇంట్లోంచి తినకుండా రావడం రేఖకి అదే మొదటిసారి. చిన్నతల్లి వీధి చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగింది.

తర్వాత ఎనిమిది రోజులు ఏ కబురూ లేదు. రేఖకి చదువు మీద విరక్తి లాంటిది వచ్చింది. ఒక ముసలావిడకి లేని అమ్మని ఇచ్చి, ఇచ్చినదాన్ని లాక్కుని వచ్చాను అనుకుంది. ఇంటికి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడుతూ ఏడ్చింది. తవిటమ్మ అంతా విని, తప్పు సేసినావు, ఎల్లి ఒప్పుకున్నావు, ఇంకేటి సేస్తావు, బువ్వ తిను అంది. ఆ మాట పట్టుకునే మిగతా రోజులు గడిపింది.

తొమ్మిదో రోజు పొద్దున్న బొమ్మల గదిలో ఉండగా గేటు దగ్గర్నించి పిలుపొచ్చింది. బొమ్మలు గీసే గుంట, అంటే పిల్ల, కావాలంటూ ఎవరో ముసలావిడ వచ్చిందన్నారు. రేఖ పరుగెత్తింది. గేటు పక్క వేపచెట్టు నీడలో అసిరమ్మ నిలబడి ఉంది. ఉతికిన చీర, నున్నగా దువ్విన జుట్టు, చంకలో తువ్వాలు చుట్టిన పటం. అది అద్దం కట్టించిన మొదటి బొమ్మ. రేఖ చేతుల్లో పెట్టేసింది.

"ఇది నీది. ఎవులో గానీ మంచి మనిషే, ఇన్నాళ్ళూ నా మాటలన్నీ విన్నాది. మా యమ్మది నాకాడ ఉన్నాది."

ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చున్నారు. అసిరమ్మ ఎప్పుడూ లేనిది ఆగి ఆగి మాట్లాడింది. కొత్త బొమ్మ విప్పగానే భయమేసిందట. మూడు రోజులు బోర్లించి బియ్యం డబ్బా మీద పెట్టేసిందట. నాలుగో రోజు ఇల్లు ఊడుస్తూ తిప్పి చూసిందట. ఆ తర్వాత దాన్ని వదల్లేకపోయిందట.

"ముందుది ఊరికే నవ్వతాది. ఇది అలగ కాదు. ఆ ఒంటికన్నుతో అలగ సూసి, ఏమే, తిన్నావా అని అడుగుతాది. నాకు ఎవులడగాలే ఆ మాట?" అంది. తర్వాత, "మావ ఉన్నాడన్నావు కదా. నన్ను తీసుకెల్లు" అంది.

మేడంకి చెప్పడానికి లోపలికి వెళ్తే, ఆవిడ రేఖ బయటికి వెళ్ళడానికి కావాల్సిన అనుమతి కాయితం మీద సంతకం పెట్టి, ఇంకా ఇక్కడే ఉన్నావేం అంది.

పాలవలసలో దిగేసరికి మధ్యాహ్నమైంది. అసిరమ్మ గంప ఎత్తుకుని మైళ్ళు నడిచే మనిషి, బస్టాపు నుంచి ఆ ఇంటికి నడవడానికి నాలుగుసార్లు ఆగింది. లక్ష్ముడు వాకిట్లోనే ఉన్నాడు. వచ్చిందెవరో రేఖ చెప్పక్కర్లేకపోయింది. ఆయన లేచి నిలబడ్డాడు. అసిరమ్మ వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టబోతే భుజాలు పట్టి ఆపేశాడు.  మావా అంది అసిరమ్మ, ఆ పిలుపు ఆవిడ నోట్లో కొత్తగా పలికింది. లక్ష్ముడు ఆవిడ దవడ మీద చెయ్యి వేసి, మనవరాలికి చేసినట్టే మొహం వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"కబురు లేటయిందని కొట్లాడినాం గానీ, ఇంట్లో నాలుగేళ్ళ గుంట ఉన్నాదని ఎవులమూ తలుసుకోలేదమ్మా" అన్నాడు. డెబ్భై ఏళ్ళకి ఆయన నోట వచ్చిన మాట అది. అసిరమ్మ అప్పుడు ఏడ్చింది.

అన్నాలయ్యాక బొమ్మ విప్పి చాప మీద పరిచారు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. లక్ష్ముడు వంగి చూసి, అంతా బాగుంది గానీ నుదుటి మీద గుంటలు ఇంకా ఉండాలన్నాడు. గీస్తున్నప్పుడు ఆయన చెప్పాడు, రేఖే చేతులు రాక తక్కువ పెట్టింది. సంచిలోంచి బొగ్గుకడ్డీ తీసింది. తీసి, ఏమనిపించిందో, అసిరమ్మ చేతికిచ్చింది. నాకేటి తెలుసే, జన్మలో పలకే పట్టలేదు అంది అసిరమ్మ. చుక్కలే కదా మామ్మా, తాత చెబుతాడు అంది రేఖ.

లక్ష్ముడు వేలితో కాయితం మీద చోటు చూపించాడు. అసిరమ్మ విత్తనం నాటినట్టు, ఒక చుక్క పెట్టింది. ఆయన వేలు జరిగింది. ఇంకో చుక్క. కనుబొమ మీద ఒకటి, కణత దగ్గర మూడు. కుడి చెంప మీద పెద్దది ఒకటుండేదని, చిన్నప్పుడు దాంట్లో వేలు పెట్టి నిద్రపోయేవాణ్ణని ఆయన చెబితే అందరూ నవ్వారు. అసిరమ్మ కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకోకుండానే. రేఖ పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయింది. త్యాగరాజు మాస్టారు చేతికి బరువుండాలి అంటూ ఉంటాడు, గీత గీతకీ ఒత్తిడి మారాలని. ఆ ముసలి చేతిలో ఆ బరువు ఎవరూ నేర్పకుండానే ఉంది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. రిపోర్టులో రేఖ జరిగింది జరిగినట్టు రాసింది, తన తప్పుతో సహా. వంశవృక్షంలో తెల్లగా ఉన్న పక్క ఇప్పుడు నలభై మూడు మంది ఉన్నారు. పది బొమ్మల్లో తొమ్మిది కాలేజీలో పెట్టింది. పదోది తేవడానికి అసిరమ్మ ఒప్పుకోలేదు. మా యమ్మని పరీక్షకి పంపను, సూడాలనుంటే మీ మాస్టార్లనే రమ్మను అంది.

రేఖ బెరుగ్గా ఆ మాట చెబితే ఇద్దరు టీచర్లూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆదివారం పొద్దున్న ముగ్గురూ బస్సెక్కారు. రేగువలసలో అసిరమ్మ ఇంటి గుమ్మం దగ్గర త్యాగరాజు మాస్టారు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, కొత్తగా అద్దం కట్టించిన జగ్గమ్మ పటం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడెక్కడ రేఖ చెయ్యి ఆగి, ఎక్కడ అసిరమ్మ చెయ్యి మొదలైందో ఆయన ఒకరు చెప్పకుండానే చూపించాడు. నుదుటి మీది చుక్కల్ని చూస్తూ, ఇవి నేను పెట్టలేను అన్నాడు. జగదీశ్వరి మేడం అప్పటికే వంటింట్లో చిన్నతల్లి పక్కన పీట వేసుకుని ఆవిడ పుట్టింటివైపు పేర్లు అడగడం మొదలెట్టింది.

ఎవర్నీ తినకుండా పోనివ్వలేదు అసిరమ్మ. చిక్కుడుకాయ కూర, వేడన్నం, మజ్జిగ. బయల్దేరేటప్పుడు టీచర్లిద్దరికీ చెరో సంచీ నిండా కాయలు పోసిచ్చింది. మీ గుంట మొదట తప్పు గీసినా మళ్ళీ వచ్చినాది, మీరు బాగా సెప్పినారు అంది వాళ్ళతో. త్యాగరాజు మాస్టారు సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

రేఖ వెనకబడి ఆవిడ దగ్గర నిలబడింది. నీ దయ వల్లే మామ్మా అని చెప్పాలనుకుంది. తనకి అడగడం నేర్పినందుకు, కోపమొచ్చినా తలుపు మూసేయనందుకు, బొగ్గుకడ్డీ పుచ్చుకున్నందుకు. ఇంటి దగ్గర వరిచేలో ఉన్న అమ్మానాన్నలకీ, బస్టాపు వైపు నడుస్తున్న ఆ ఇద్దరికీ కూడా ఇదే చెప్పాలనుంది. 

అసిరమ్మ ఆమెని పైనుంచి కిందికి చూసింది.

"ఏటలగ నిలబడిపోనావు? వచ్చే బుధవారం మావ వస్తన్నాడు. మూడు దినాలుంటాడు. నువ్వూ రా, ఆయన బొమ్మ గీద్దువు గాని. బేగి ఎల్లు, బస్సెల్లిపోతాది" అంది.

రేఖ పరుగెత్తింది.